కుంట గట్టున ఆకాశ వింతల సంఘం

దగ్గరికి జరగండర్రా, గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా. కూర్చున్నారా?

వేరే లోకాల వాళ్ళు మన ఆకాశంలో తిరుగుతున్నారని, ఆ సంగతి తేల్చాలని ఒక కప్పమామ కుంట గట్టున సంఘం పెట్టాడు. కనబడ్డ వింతల్ని తాబేలు బురద మీద గోటితో రాసేది. పరుగెత్తే పని ఉడుతది. చలి ముంచుకొస్తోంది, పుట్టబోయే తన పిల్లలకి గూడు కట్టాలి. అయినా మాటిచ్చాను కదా అని రోజూ వచ్చేది.

ఒక పొద్దున తెల్లగా, గుండ్రంగా, రెక్కల్లేకుండా ఏదో ఎగిరింది.

"అదిగో వాళ్ళ వాహనం. పట్టుకురా అమ్మాయ్," అన్నాడు కప్పమామ.

ఉడుత తుమ్మచెట్లన్నీ ఎక్కి దిగి తెచ్చింది. "జిల్లేడు దూది మామా."

కప్పమామ మొహం ముడుచుకున్నాడు. "నువ్వు ముట్టుకోబట్టే దూదైపోయింది. తాబేలూ, అది చెరిపెయ్. ఏమిటో తేలిపోయిన వింతలు మన సంఘానికి పనికిరావు."

వారమంతా ఇదే వరస. చివరికి, "నీకు నమ్మకం తక్కువమ్మాయ్, రేపట్నుంచి రాకు," అన్నాడు.

"సరే మామా. మరి పారేసిన ఆ వాహనాలు తీసుకెళ్ళనా?"

"దూదే కదా, తీసుకుపో."

చలి వచ్చింది. ఉడుత పిల్లలు నాలుగూ ఆ వాహనాల్లో ముక్కులు దాచుకుని వెచ్చగా పడుకున్నాయి. గట్టున కప్పమామ వణుకుతూ పైకే చూస్తున్నాడు.

"ఈసారి మాత్రం ఎవరూ దగ్గరికెళ్ళి చూడకండి," అంటున్నాడు తాబేలుతో.

ఇక లేవండి. ఇళ్ళల్లో అన్నాలు చల్లారిపోతున్నాయి.