చక్రాలు ఊడదీసినవాడు

పెట్రోలు తేవడానికి పోయి వచ్చేసరికి బాలప్ప కారుకు చక్రాలు లేవు.

కారు నాలుగు రాళ్ళ గుట్టల మీద కూర్చుని ఉంది. ఊడదీసిన చక్రాలు గోడకు ఆనించి ఉన్నాయి. వాటి పక్కన ముక్కూమొహం తెలియని మనిషొకడు సుత్తి పట్టుకుని చతికిలబడి ఉన్నాడు. మాసిన అంగీ, చేతుల నిండా మసి.

బాలప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కదా మరి? ఇంట్లో కూతురు చిన్నక్క పొద్దుటి నుంచి నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది, పొద్దుగూకే లోపల కల్యాణదుర్గం ఆసుపత్రికి చేర్చమని మంత్రసాని ఆంజినమ్మ చేతులెత్తేసింది. ఎద్దులబండి మీద పోతే తెల్లవారుతుంది. కుందుర్పి చుట్టుపక్కల ఉన్న కారు ఇదొక్కటే.

బాలప్ప ఆ మనిషి గల్లా పట్టి లేపి, చెంప మీద ఒక్కటిచ్చాడు.

"చక్రాలు దొంగిలించేకి నా ఇల్లే దొరికిందేమిరా నీకు?"

ఆ మనిషి చెంప కూడా తడుముకోలేదు.

"ఈ కారు తోలేది నువ్వేనా?"

"నేనే. ఎద్దులమ్మి కొన్న కారు."

"బ్రేకు తొక్కితే కాలు యాడిదాకా పోతాది?"

"అడుక్కు పోతాది. అయితే నీకేమి?"

"తొక్కినప్పుడల్లా కీచుమని అరుస్తాండె కదా?"

"అరుస్తాండె. ఇప్పుడు అరవదు. ఆముదం పోసినా."

ఈసారి ఆ మనిషికి కోపమొచ్చింది.

"ఏం పోసినావు?"

"ఆముదం. ఇరుసు అరిస్తే పొయ్యరా? ఇరవై ఏండ్లు బండి తోలినోన్ని, నాకు నేర్పనీకి వచ్చినావా?"

ఆ మనిషి చక్రం లోపలి నుంచి తీసిన వంకర ఇనుపముక్కను బాలప్ప ముక్కు ముందర పెట్టాడు.

"ఇది ఎద్దులబండి కాదప్పా. చూడు. దీని మీద వేలు మందాన పట్టీ ఉండల్ల. చక్రాన్ని పట్టి నిలిపేది ఆ పట్టీనే. అది అరిగి అరిగి దాన్ని బిగించిన రివిట్లు బయటపడినాయి. పట్టీ అయిపోయింది, మార్చమని అది మొత్తుకుంటాంటే నువ్వు దాని నోట్లో ఆముదం పోసినావు. కల్యాణదుర్గం దారి గుట్ట దిగుడులో ఈ బ్రేకు పట్టేదెట్లా? కార్లో ఎక్కేది నీ కూతురే కదా?"

"నా కూతురి మాట నీకెందుకురా?"

బాలప్ప మళ్ళీ చెయ్యెత్తాడు. ఆంజినమ్మ పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

"ఈయప్పను కొడితే చక్రాలు ఎవరు బిగిస్తారు నాయనా? చెయ్యనీ."

బాలప్ప పళ్ళు కొరుక్కుంటూ అరుగు మీద కూలబడ్డాడు.

అప్పటికే రెండు చక్రాల పని అయిపోయింది. ఆ మనిషి బాలప్ప తెచ్చిన పెట్రోలు డబ్బా అడక్కుండానే లాక్కున్నాడు. గుడ్డ తడిపి ఆముదం జిడ్డంతా తుడిచాడు. ఉలి పెట్టి పాత రివిట్లు ఎగరగొట్టాడు. సంచీలోంచి కొత్త పట్టీలు తీశాడు. సరిగ్గా ఈ కారు కొలతకు కోసిన పట్టీలు. అవి కూడా ఎక్కడో కొట్టుకొచ్చిన సొత్తే అనుకున్నాడు బాలప్ప.

లోపల చిన్నక్క అరిచినప్పుడల్లా సుత్తి దెబ్బలు వడివడిగా పడుతున్నాయి. బయట బాలప్ప వాణ్ణీ వాడి వంశాన్నీ ఏకరువు పెట్టి తిడుతూనే ఉన్నాడు. ఆ మనిషి తలెత్తలేదు.

చివరి చక్రం బిగించి, "తొక్కి చూడు" అన్నాడు.

తొక్కాడు. బ్రేకు సగంలోనే గట్టిగా నిలబడింది. ఆ సంగతి బాలప్ప కాలికి తెలిసింది గానీ నోరు ఒప్పుకోలేదు.

"కొంచెం నీళ్ళిస్తావా అప్పా?"

"వంకలో తాగుపో. ఇంకోసారి ఈ వీధిలో అగపడితే కాళ్ళిరుస్తా."

వంక ఎండి మూడేళ్ళయింది. ఆ మనిషి సంచీ భుజాన వేసుకుని, ఎర్రటి ఎండలో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

చిన్నక్కను ఎక్కించుకుని పోతుంటే, గుట్ట దిగుడులో, మలుపు తిరగగానే దారి నిండా గొర్రెలు. ఒకపక్క బండ, ఇంకోపక్క లోయ. బాలప్ప ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. మొదటి గొర్రెకు జానెడు దూరంలో కారు ఆగింది. వెనక సీట్లో ఆంజినమ్మ చిన్నక్కను రెండు చేతులా పట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటోంది. గొర్రెలన్నీ దాటిపోయాక బాలప్ప మళ్ళీ కారు కదిలించాడు.

పొద్దుగూకే వేళకు ఆంజినమ్మ ఆసుపత్రి బయటికొచ్చి, తల్లీబిడ్డా బాగున్నారని చెప్పింది. బాలప్ప కండువాతో మొహం తుడుచుకుని కారు దగ్గరికి వచ్చాడు. ఆసుపత్రి కాపలాదారు ఖాజా హుస్సేన్ దాని చుట్టూ తిరుగుతున్నాడు.

"ఈ కారు మళ్ళా ఈ గేట్లోకి వస్తాదనుకోలేదు" అన్నాడు.

"నీకెట్లా తెలుసు దీన్ని?"

"నెంబరు మారలేదు కదా. రెండేండ్ల కిందట దీంట్లోనే ఆదెన్న అని ఒకాయన కూతుర్ని కాన్పుకు తెస్తాండె. గుట్ట దిగుడులో బ్రేకు పట్టలేదు, పోయి బండకు కొట్టుకునింది. ఎద్దులు కట్టి ఈ గేట్లోకే ఈడ్చుకొచ్చినారు. ఆయమ్మా పోయింది, కడుపులో బిడ్డా పోయింది. కారును తుక్కు కింద రాయదుర్గం దళారికి పారేసి పోయినాడు."

"నేను ఆ దళారి దగ్గరే కొన్నా." బాలప్ప కారు చక్రం మీద చెయ్యి వేశాడు. "ఆయప్ప ఇప్పుడు యాడుండాడు?"

"ఆ దళారి నాబట్ట సొట్టలు తీసి, రంగేసి, దీన్ని మళ్ళా ఎవరికో అంటగట్టినాడని తెలిసినప్పట్నుంచి, ఇంకొకరి బిడ్డ ఎక్కేలోపల బ్రేకులు మార్చల్లని ఈ కారును వెతుక్కుంటూ ఊరూరూ తిరుగుతాండాడప్పా, ఆ ఆదెన్న."