కిటికీ సందులో గుడ్డ

"మేనేజర్‌గారు వచ్చేశారు, ఆ అద్దం త్వరగా కానివ్వు!" భర్త హాల్లోంచి కేకేశాడు. ఇంటావిడ చేతిలోని తడిగుడ్డతో కిటికీ అద్దాన్ని మరింత గట్టిగా రుద్దింది.

ఇకమీదట అద్దెకిచ్చే ఈ వాటాను చూసుకునేది ఆ మేనేజరే. వస్తూనే కిటికీ రెక్క తోసి చూశాడు. నిన్న వడ్రంగి చెక్కి వెళ్లిన రెక్క, ఒక్క వేలితో తోస్తేనే మూసుకుంది.

"ఖాళీ చేసినవాళ్లు కంప్లయింట్లేమైనా చేసేవారా అండీ?"

"అబ్బే, ఒక్కటీ లేదు," అంది ఇంటావిడ. అన్నాక చూసింది. మొన్న ఖాళీ చేసిన అమ్మాయి, తాళంచెవి ఇవ్వడానికొచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. చలికాలమంతా మెట్లెక్కి వచ్చి "కిటికీ మూసుకోవట్లేదక్కా" అని మొత్తుకుంది ఆ అమ్మాయే. "కిటికీ అన్నాక గాలి రాదా ఏంటి?" అని నవ్వి పంపేసింది తనే.

"అవునండీ, ఇబ్బందేం లేదు," అంది ఆ అమ్మాయి.

మేనేజరు తలూపి వంటగదిలోకి వెళ్లాడు. అమ్మాయి కిటికీ తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. "భలే పడుతోందక్కా!" అంటూ ఇంటావిడ చేతిలోది చూసి ఆగింది. "అది ఈ సందులోదేనా?"

"ఆ... ఇక్కడే కుక్కి ఉంటే లాగాను. పాత గుడ్డేగా?"

"మా పాప స్వెటరక్కా. ఒంటికి తొడిగినా చలాగలేదు. సందులో కుక్కితే ఆగింది."

ఇంటావిడ గుడ్డ విప్పింది. మురికి నీళ్లు కారుతూ రెండు బుల్లి చేతులు వేలాడాయి.

"ఉతికి ఇస్తానమ్మా."

"ఎందుకులే అక్కా," అంటూ అమ్మాయి తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. "ఇప్పుడది పాపకి పట్టదు."