ఐదేండ్ల గురువారాలు

పేరు పిలవకముందే బుచ్చిరాములు వరండాలోని బల్ల మీద నుంచి లేచాడు.

కూతురు మంజుల చీటీ రాయించడానికి కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆమె ఇటు తిరిగేలోగా దవాఖాన గేటు దాటిపోవాలని అతని ఆలోచన.

పక్కన కూర్చున్న ముసలాయన మెల్లగా అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఎటు పోతున్నవ్ తమ్మీ?"

"నాకు పిచ్చి లేదు. ఇంటికి పోత."

"నాకు గూడ లేదు. అయినా ఐదేండ్ల సంది ఈడికి వస్తున్న. జర కూసో."

ఆయన పేరు తిమోతి. డెబ్బై దాటిన మనిషి. ఇచ్చోడ నుంచి ఆదిలాబాద్‌కు బస్సులో వస్తాడట. తన వంతు రావడానికి ఇంకా చాలాసేపు పడుతుందని, ముందు అతన్నే వెళ్లి రమ్మని అన్నాడు. లోపల ఏం మాట్లాడాలో తెలియదని బుచ్చిరాములు గొణిగితే, మాట రాకపోతే ఊరికే కూర్చోమన్నాడు.

బుచ్చిరాములుకు యాభై ఎనిమిదేళ్లు. ఏడాది కిందట చేను నుంచి పత్తి మూటలు తెస్తుంటే, అతను నడుపుతున్న ట్రాక్టర్ ట్రాలీ మీద నుంచి భార్య శంకరవ్వ జారిపడి చనిపోయింది.

ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. అతనే తనను క్షమించుకోలేకపోయాడు. మళ్లీ ట్రాక్టర్ ముట్టలేదు. చేను బీడు పడింది. కంటికి కునుకు లేదు. ఇంట్లో ఎవరైనా ఆమె పేరెత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

లోపల ఉన్నది మనసు బాధలు విని ధైర్యం చెప్పే కౌన్సిలర్ వందన. మొదటి గురువారం ఆమె ఎదుట పావుగంట కూర్చుని, నోరు విప్పకుండానే వచ్చేశాడు. రెండోసారి ఏడ్చాడు. నాలుగోసారి, దారిలో గుంత ఎక్కడుందో, ట్రాలీ ఎలా ఎగిరిందో, తను వెనక్కి తిరిగి చూసేసరికి ఏం కనిపించిందో మొత్తం చెప్పాడు. అదంతా ఒక మనిషికి చెప్పడం అదే మొదలు.

ఒక్కో వారం రాబుద్ధయ్యేది కాదు. తిమోతి ఎదురుచూస్తుంటాడని వచ్చేవాడు.

మూడు నెలలకు నిద్ర పట్టింది. తొలకరి పడగానే ట్రాక్టర్ బయటికి తీసి చేను దున్నాడు. ఆ సాయంత్రం మంజులను కూర్చోబెట్టుకుని, వాళ్లమ్మ ముచ్చట్లు తానే చెప్పాడు.

ఆ వారం వరండాలో తిమోతిని అడిగాడు.

"నాకు ఆర్నెల్లల్ల నయమాయె. నీకు ఐదేండ్లయినా ఎందుకు తక్కువైతలేదు పెద్దయ్యా? లోపల అన్నీ చెప్తలేవా ఏంది?"

"నాది జర మొండిది తమ్మీ," అని నవ్వి, తిమోతి కాస్త జరిగి, అప్పుడే వచ్చిన ఒకావిడకు చోటిచ్చాడు.

తర్వాత రెండు గురువారాలు ఆయన కనిపించలేదు.

మూడో వారం బుచ్చిరాములు ఆయన గురించి వందనను అడిగాడు. గుండె ఆగి చనిపోయాడని, ఇచ్చోడలో సమాధి చేసి పదిహేను రోజులైందని ఆమె చెప్పింది.



"తక్కువ కాకముందే పాయె పాపం. ఆయనకు ఏం బాధ ఉండె మేడమ్?"

"ఆయన మా దగ్గర ఎన్నడూ మందు తీసుకోలే, ఒక్కసారి గూడ లోపలికి రాలే," అంది వందన. "ఐదేండ్ల కింద ఆయన తమ్ముడు గీ వరండాల నుంచే లేచి ఎల్లిపోయి, ఆ వారమే ప్రాణం తీసుకున్నడు. అప్పటి సంది ప్రతి గురువారం వచ్చి, లేచి ఎల్లిపోయేటట్టు కనబడ్డోళ్ల పక్కన కూసునేటోరు."