అరువు బుగ్గలు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. కొడుకును తన దగ్గర్నుంచి తీసుకుపోతారని.

సర్వే మేడం వీధిలో అడుగుపెట్టిందని తెలియగానే ఆ భయం రెట్టింపైంది. ఫ్యాక్టరీ పెట్టిన నాటి నుంచి ఆ మేడం ఏటా ఒకసారి వస్తుంది. అన్ని ఇళ్ళకీ కాదు, మొదట్లో ఎంచుకున్న ఇళ్ళకే. ఎవరు పనికి పోతున్నారు, పొయ్యి మీదకు ఏం ఎక్కుతోంది, ఎవరికి ఏ జబ్బు చేసింది అని అడుగుతుంది. పిల్లల్ని తూచి, కొలిచి వెళ్తుంది. రాబడి మారితే మనుషుల ఒళ్ళు ఎలా మారుతుందో చూడటానికట.

కిందటిసారి మేడం వచ్చినప్పుడు ఫ్యాక్టరీ నడుస్తోంది. ఇప్పుడు గేటుకు తాళం. ఇంటాయన పని వెతుక్కుంటూ పొద్దున పోతే పొద్దుగూకాక వస్తున్నాడు. పాలు మానేశారు, గుడ్లు మానేశారు. మూడేళ్ళ కొడుకు పక్కటెముకలు చొక్కా మీంచే తెలుస్తున్నాయి. బరువు తగ్గిన పిల్లల్ని సర్కారు హోముకు పట్టుకుపోతారని కుళాయి దగ్గర ఎవరో అన్న మాట ఆమె చెవిలో చీమలా దూరి తిరుగుతోంది. నిజమా అని ఎవర్ని అడుగుతుంది? అడిగితే తన ఇంటి సంగతి బయటపడదూ?

చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురింటికి పరుగెత్తింది.

"వదినా, మీవాణ్ణి కాసేపు ఇస్తావా?"

సంగతి విని ఎదురింటి వదిన పొట్ట పట్టుకుని నవ్వింది. పంచదార అరువడిగేవాళ్ళను చూశాను గానీ పిల్లాణ్ణి అరువడిగేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నానంది. ఏడాదికోసారి వచ్చే మనిషికి ఏ ముఖం గుర్తుంటుందిలే అని ధైర్యం చెప్పింది. ఆ ఇల్లు సర్వేలో లేదు గనక దొరికిపోయే బెంగా లేదు. వదిన కొడుకుదీ అదే ఈడు. దారిన పోయేవాళ్ళంతా ఆగి బుగ్గలు గిల్లి పోయే పిల్లాడు.

"మావాడికి ఉత్త గంజి పోసినా ఒంటికి పడుతుంది. నీవాణ్ణి ఇక్కడ పడేసి వీణ్ణి ఎత్తుకుపో."

పిల్లలు గుమ్మాలు మారారు.

మేడం వచ్చి చాప మీద కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది. ఆమె ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం ముడివేసుకుంటూ పోయింది. ఆయనకు వేరేచోట పని దొరికిందంది. పాలు పోయిస్తున్నామంది. అరువు పిల్లాడు ఎక్కడ కూర్చోబెడితే అక్కడే కూర్చున్నాడు. తన కొడుకైతే ఈపాటికి మేడం సంచిలో తల దూర్చి ఉండేవాడు. ఎంత బుద్ధిమంతుడో అనుకుంది.

మేడం వాణ్ణి బరువు మిషను మీద నిలబెట్టింది. అంకె చూసి తల ఊపింది. ఆమె గుండెల మీంచి బండ దిగినట్టయింది. తర్వాత మేడం, ప్రతి పిల్లాడికీ చేసేదే, రెండు బొటనవేళ్ళతో రెండు పాదాలూ నొక్కింది. తీసింది. మళ్ళీ నొక్కింది. పిక్కల మీద కూడా నొక్కి చూసింది. ముఖంలో నవ్వు పోయింది.

"ఏమ్మా, బాబును ఇప్పుడే నాతో పంపాలి. నువ్వూ బయల్దేరు."

ఏ మాట వినకూడదని ఇంత నాటకమాడిందో ఆ మాటే. చిక్కినవాళ్ళనే కాదు, బొద్దుగా ఉన్నవాళ్ళనూ వదలరా? తన కొడుకు సరే, ఇప్పుడు వదిన కొడుకును పోగొడితే ఆ తల్లికి ఏ ముఖం చూపిస్తుంది?

"వీడు నా కొడుకు కాదు మేడం."

అంతే, కట్ట తెగినట్టు మొత్తం చెప్పేసింది. ఎదురింట్లోంచి కొడుకును ఎత్తుకొచ్చి మేడం ముందు నిలబెట్టింది. "వీడు నావాడు. ఇలా అయిపోయాడు. తిట్టండి, పడతాను. తీసుకుపోవద్దు."

మేడం తిట్టలేదు. వాణ్ణీ తూచింది, వాడి పాదాలూ నొక్కింది. వాడు కితకితలు పుట్టి కిలకిలా నవ్వి కాలు లాక్కున్నాడు.

"బాగా తగ్గాడు. తిండి చాలట్లేదు, దానికి దారి చూద్దాం. పిల్లల్ని ఎత్తుకుపోయే పని మాది కాదమ్మా, నీకెవరు చెప్పారు?"

ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొడుకును ఒళ్ళోకి లాక్కుంది. లాక్కున్నాక గుర్తొచ్చింది. "మరి ఆ పిల్లాణ్ణి ఎందుకు పంపమన్నారు?"

మేడం జవాబు చెప్పేలోపే ఎదురింటి వదిన గుమ్మంలోకి వచ్చింది. నాటకం బయటపడిందని ఏమాత్రం సిగ్గుపడలేదు.

"ఎంత తూగాడు మేడం మావాడు? ఫ్యాక్టరీ మూసినా వీడు మాత్రం ఒళ్ళు చేస్తూనే ఉన్నాడు."

మేడం వదినను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె బొటనవేలు పట్టుకుని, కొడుకు పాదం మీద ఆనించి, కాసేపు గట్టిగా నొక్కించి తీసింది. వేలు తీసినచోట గుంట పడింది. తడిమట్టిలో పడినట్టు అలాగే ఉండిపోయింది.

"ఇది కండ కాదమ్మా, సరైన తిండి లేక ఒంట్లో చేరిన నీరు." మేడం ఎముకల గూడులా ఉన్న రెండో పిల్లాణ్ణి చూపించింది. "ఈ నీరు దిగితే నీ కొడుకు వాడికంటే బక్కగా తేలతాడు. పద, ఆసుపత్రికి పోదాం."

మీ వీధిలోనూ అందరిచేతా బుగ్గలు గిల్లించుకునే పిల్లాడు ఒకడు ఉండే ఉంటాడు. ఈసారి ఆ బుగ్గ వదిలిపెట్టి, వాడి పాదం ఒక్కసారి నొక్కి చూడండి.