తాళానికి ఎన్ని మార్కులు?

"మీ వీధి పిల్లల కేంద్రానికి అయిదుకి ఎన్ని మార్కులు వేస్తారక్కా?" ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ సర్వే అమ్మాయి అడిగింది.

"తాళానికి మార్కులేమిటమ్మా?" అంది కుట్టుమిషను తొక్కుతున్న ఇంటావిడ. "నెల మొదట్నుంచీ మూసే ఉంది. ఈ యూనిఫారాలు సాయంత్రానికి ఇవ్వకపోతే నాకు ఈ పనీ పోతుంది. అందుకే దీన్నిలా కట్టేశాను."

పాప కాలు గుడ్డపీలికతో మిషను కాలికి కట్టి ఉంది. పాప చెయ్యి కత్తెర వైపు సాగింది. తల్లి వంగి కత్తెరను పైకి తీసి పెట్టుకుంది.

"మీ టీచర్ గురించి?"

"ఆ మహాతల్లి ఎక్కడ ఊరేగుతోందో. జీతం తీసుకోవడం మాత్రం మర్చిపోదు. ఉన్నదున్నట్టు రాసుకో."

అమ్మాయి ఉన్నదున్నట్టే రాసుకుంది. చూపు మాత్రం ఆ ముడి మీదే ఉంది. చివరికి కింద కూర్చుని, ముడి విప్పి, పాపని ఒళ్లోకి తీసుకుని వేళ్లు లెక్కపెట్టించసాగింది. పాప కిలకిలా నవ్వింది. మిషను చాలాసేపు ఆగకుండా నడిచింది.

"పిల్లల్ని ఆడించడం బాగా వచ్చు నీకు."

"నా ఉద్యోగమే అదక్కా. పక్కవీధి కేంద్రంలో టీచర్ని."

మిషను ఆగింది. "మరి అక్కడెవరున్నారు?"

"తాళం ఉంది. టీచర్లందర్నీ ఈ సర్వేకి వేశారు. సొంత వీధిలో అయితే జనం మొహమాటపడతారని వీధులు మార్చారు. మీ టీచర్ మా వీధిలో ఉంది. ఈపాటికి నన్ను తిట్టే తిట్లు ఆవిడ రాసుకుంటూ ఉంటుంది."

అమ్మాయి పాపని కిందికి దింపింది. పాప కాలిని పీలికతో మళ్లీ మిషను కాలికి తనే కట్టి, మార్కుల కోసం పక్కింటి తలుపు కొట్టింది.