గడ్డికి పంచరుండదు

"నీళ్ళ సంచి కట్టావా?"

"కట్టాను."

"రొట్టె? పంచరు అతుకులు? జిగురు?"

"అన్నీ సర్దాను. నీ నోరొక్కటే మిగిలింది అన్నయ్యా. సంచిలో చోటు లేదు."

కాన్ టియెర్నీ నవ్వబోయి, కాలు కలుక్కుమని మూలిగాడు. నిన్న బంగారం కోసం తవ్విన గోతిలోంచి పైకి వస్తూ జారాడు. చీలమండ గుమ్మడికాయలా వాచింది. అందుకే చెల్లెలు నోరా అతని ప్యాంటు తొడుక్కుని, అతని సైకిలు మీద గనుల పట్నం కూల్గార్డీకి బయల్దేరుతోంది.

రెండేళ్ళుగా ఎర్రమట్టి తింటున్న ఆ అన్నాచెల్లెళ్ళకి ఎట్టకేలకు బంగారం పడింది. తెల్లరాయిలో వేలెడు మందం చార!

కానీ పక్క గుడారం మాస్కెల్ కూడా అదే నేల చుట్టూ తన హద్దు గుంజలు పాతాడు. ఎవరి దరఖాస్తు ముందు గనుల కచేరీలో పడితే నేల వాళ్ళది.

"వాడు కూడా ఎవడో మనిషిని పెట్టుకున్నాడట," అన్నాడు కాన్. "కొత్తవాడు. గాలిలా తొక్కుతాడట."

"తొక్కనీ. ఇంకా తెల్లారలేదు. నేనే ముందు."

నోరా టైరు నొక్కి చూసింది. "అన్నయ్యా, ఈ టైర్లు..."

"కొత్తవే! చౌకగా వచ్చాయి."

"అదే నా భయం."

ఒంటెలు నడిచి నడిచి నున్నగా చేసిన సన్నటి బాట మీద సైకిలు పరుగు తీసింది. మలుపు మలుపుకీ నోరా వెనక్కి తిరిగి చూసింది. దుమ్ము లేదు. మనిషి లేడు. ఆమె గుండె సైకిలుకన్నా ముందు పరిగెడుతోంది.

సగం దారి గడిచింది.

ఢాం!

నోరా ఎగిరి ముళ్ళగడ్డిలో పడింది. ముందు టైరు పక్కవాటుగా చీలి, ట్యూబు నాలుకలా బయటికి వేలాడుతోంది. నీళ్ళ సంచి చిరిగింది. నీళ్ళన్నీ మట్టి తాగేసింది.

"తుపాకీ పేలిందనుకున్నాను. టైరేనా?"

ఎదర నీలగిరి చెట్టు నీడలో ఒకతను టీ కాచుకుంటున్నాడు. చిరుగుల టోపీ, దుమ్ము కొట్టుకుపోయిన గడ్డం. అతని సైకిలు చెట్టుకి ఆనించి ఉంది. ఎవరో పనీపాటా లేని దిమ్మరి అనుకుంది నోరా.

అతను వచ్చి చీలిక చూశాడు. "అతుకు నిలవదు. దీనికిక సమాధి కట్టాల్సిందే."

"నవ్వకు! వెనకాల మాస్కెల్ మనిషి వస్తున్నాడు!"

ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పేసింది. గొయ్యి, బంగారం, కచేరీ, అన్న కాలు.

అతను టోపీ వెనక్కి నెట్టుకున్నాడు.

"ఆ మనిషి దొరికితే ఏం చేస్తావు?"

"వాడి టైర్లు కోసి పారేస్తాను!"

"అమ్మో!" అంటూ తన సైకిలు వైపు చూసుకున్నాడు. "రెండేళ్ళు తవ్వారా?"

"రెండేళ్ళు. ఈ నేల పోతే మళ్ళీ తవ్వే ఓపిక మాకు లేదన్నా."

అతను టీ నిప్పుల మీద ఒలకబోశాడు. తన సైకిలు తలకిందులుగా నిలబెట్టి, ముందు టైరు ఊడదీశాడు. ఎర్రటి రబ్బరు. కొత్తది.

"ఏం చేస్తున్నావు?"

"మనవి ఒకే కొలత చక్రాలు. ఇది వేసుకో."

"మరి నీకు?"

"నీ టైరులో గడ్డి కూరుకుంటాను. గడ్డికి పంచరుండదు."

"నువ్వెక్కడికి వెళ్ళాలి?"

"నాకిప్పుడు తొందర లేదు."

ట్యూబు ఎక్కించి, గాలి కొట్టి, తన నీళ్ళ సంచి కూడా ఆమె సైకిలుకి కట్టాడు.

"అయ్యో, నీళ్ళెందుకు?"

"చేరువలో రాతిగుంట ఉందిలే. నింపుకుంటాను. నువ్వెక్కు."

నోరా ఎక్కింది. పదడుగులు పోయి, వెనక్కి తిరిగి అరిచింది.

"అన్నా! ఆ మాస్కెల్ మనిషి ఇటొస్తే కాసేపు మాటల్లో పెట్టు!"

"వాణ్ణి ఇక్కణ్ణించి కదలనిస్తే ఒట్టు! తొక్కు చెల్లెమ్మా, తొక్కు!"

పేరైనా అడగలేదు ఆమె.

"ఆగండి! తలుపెయ్యకండి!" అని వీధి పొడుగునా కేకలు పెడుతూ కూల్గార్డీలో దిగింది. కచేరీ గుమాస్తా గొణుక్కుంటూనే మళ్ళీ తాళం తీశాడు.

ముద్ర పడింది. నేల టియెర్నీలది!

నోరా బయటికొచ్చి, ఎదురొచ్చిన ముసలి బేకరీవాడి రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పేసింది. వీధంతా ఈలలు వేసింది.

పొద్దు వాలుతుండగా మాస్కెల్ బండిదారిన గుర్రబ్బండిలో దిగాడు. కచేరీ గోడ మీద కాగితం చదివాడు. తిట్టబోయి, నోరా సైకిలు చూసి ఆగిపోయాడు.

"ఈ టైరు నీకెక్కడిది?"

"దారిలో ఒకాయన ఇచ్చాడు."

"ఇచ్చాడా? ఈ ఎర్ర టైరు ఈ గనులన్నిటిలో ఒక్కటే ఉంది. పెర్త్ నుంచి తెప్పించి నేనే నా మనిషికి వేయించాను. నీకంటే ముందే పంపాను. జేబెజ్ రడ్ ఏడి?"

నోరా వంగి ఆ ఎర్ర రబ్బరు మీద చెయ్యి వేసింది.

మర్నాడు ఆమే ముందు నడిచి మనుషుల్ని ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. గడ్డి టైరు జాడ ఒంటెల బాట వదిలి రాతిగుంట వైపు పోయింది. గుంట ఎండిపోయి ఉంది. ఆపైన అంతా బండరాయి. జాడ లేదు.

మాస్కెల్ మనిషి జేబెజ్ రడ్ 1896 జనవరి పద్నాలుగున బయల్దేరాడు, తిరిగి రాలేదు.