కావడి పరుగు

చేపల కావడి దించగానే చెంచయ్య చెయ్యి ఎవరో పట్టుకున్నారు.

సూళ్లూరుపేట స్టేషనుకు మద్రాసు పాసింజరు ఇంకా రాలేదు.

పట్టుకున్నది యాభై దాటిన మనిషి. తెల్లచొక్కా, ఖాకీ నిక్కరు, పొట్టి క్రాపు. గడియారం చూస్తూ చెంచయ్య నాడి లెక్కపెడుతున్నాడు.

"ఎన్ని మైళ్లు పరిగెత్తినావు?"

"ఆరు సార్."

"దారిలో ఎన్నిసార్లు ఆగినావు?"

"ఆగితే బండి పోతాది గదా సార్!"

పక్కనున్న కావళ్లవాళ్లు నవ్వారు.

"ఏరా, పిల్లనిచ్చే మామ దొరికినాడా? పళ్లు గూడా చూపించరా, ఎద్దును బేరం చేసినట్టు చేస్తా ఉండాడు!"

ఆ మనిషి నవ్వలేదు. "మీ అమ్మ ఎక్కడుంటుంది?" అని మాత్రం అడిగాడు.

మధ్యాహ్నానికల్లా చెంచయ్య వెంట పులికాట్ సరస్సు గట్టునున్న పల్లెకు నడిచి వచ్చాడు.

చెంచయ్య తల్లి మస్తానమ్మ గుడిసె ముందు కూర్చుని చిరిగిన వల అల్లుకుంటోంది. ఖాకీ నిక్కరు చూడగానే ఆమె గుండె జారింది.

అవి చైనా యుద్ధం రోజులు. గూడూరులో మిలిటరీవాళ్లు వయసు పిల్లల ఛాతీలు కొలిచి రైలెక్కిస్తున్నారని పల్లెంతా గుసగుసలు. మంచుకొండలకు పోయినవాడు ఇక రాడట.

మొగుణ్ణి నాలుగేళ్లనాడు తుఫాను తీసుకుపోయింది. మిగిలింది చెంచయ్య ఒక్కడు. ఎస్సెల్సీ గట్టెక్కినా, పై చదువుకు దారిలేక కావడి ఎత్తుకున్నాడు. వాడు స్టేషనునుంచి తిరిగొచ్చేదాకా ఆమెకు రోజూ ప్రాణం ప్రాణంలో ఉండదు.

"కూర్చోండి సామీ," అంది, కూర్చోకపోతే బాగుండునని.

ఆయన కూర్చోలేదు. జేబులోంచి టేపు తీసి చెంచయ్య ఛాతీ కొలిచాడు. ఇక ఆమెకు అనుమానం లేకపోయింది.

"అమ్మా, మీవాణ్ణి నాతో పంపిస్తారా? తిండి, బట్టా అంతా మేమే చూసుకుంటాం. మూడేళ్లపాటు..."

"వాడికి మూర్ఛ సామీ!"



చెంచయ్య నోరు తెరిచాడు. "అమా, నాకేంది..."

"నువ్వు నోరు మూసుకో! పడిపోయినోడికి ఏం తెలుస్తాది, చూసేదానికి తెలుస్తాదిగానీ! నోట్లో నురగ సామీ. ఇనప తాళంచెవి చేతిలో పెడితేగానీ తెలివి రాదు. మొన్న అమాసకు గూడా పడినాడు."

ఆయన ముఖం పాలిపోయింది. టేపు చుట్టాడు. అది జారిపోతే మళ్లీ చుట్టాడు.

"పరిగెత్తేటప్పుడు ఎప్పుడైనా వచ్చిందా?"

"పరిగెత్తితేనే వస్తాది సామీ!"

ఆయన చాలాసేపు చెంచయ్యనే చూస్తూ నిలబడ్డాడు.

"కావడి మాన్పించమ్మా. ఒంటరిగా నీళ్లలోకి పంపొద్దు," అన్నాడు.

మంచినీళ్లయినా అడక్కుండా ఎండలో గట్టుమీద వెళ్లిపోయాడు.

"ఎందుకమ్మా అట్ట చెప్పినావు?"

"నువ్వు బతికుండాలని రా."

ఆ పూట ఆమెకు అన్నం సయించింది.

మూడు వారాల తర్వాత పోస్టుమేన్ కామాక్షయ్య కార్డు తెచ్చి చదివిపెట్టాడు.

"'అమ్మా, నెల్లూరులో నా స్నేహితుడు డాక్టరుగా ఉన్నాడు. అబ్బాయి సంగతి ఆయనకు చెప్పాను. అడ్రసు కింద రాశాను. ఎన్నాళ్లు మందులు వాడినా మీరేమీ ఇవ్వనక్కర్లేదు. ఆలస్యం చేయవద్దు. జయరామయ్య, క్రీడల డైరెక్టరు, యూనివర్సిటీ.'"

"డైరెక్టరంటే మిలిటరీలో పెద్దా అన్నా?"

"మిలిటరీ ఏంది తల్లీ! ఆటలు నేర్పించే పెద్దాయన. బాగా పరిగెత్తే పిల్లోళ్లను ఏరి, కాలేజీలో సీటిప్పించి చదివిస్తాడు. చిల్లకూరులో మా బంధువుల పిల్లోడు అట్ట పోయినోడే. ఇప్పుడు ఇస్కూల్లో పాఠాలు చెప్పే అయివారు!"

మస్తానమ్మ ఉన్నచోటే కూలబడింది.

చెంచయ్య కార్డు తీసుకుని జాగ్రత్తగా గూట్లో పెట్టాడు. తిట్టినా బాగుండేదనుకుందామె.

మర్నాడే ఇద్దరూ నెల్లూరు బండెక్కారు.

"ఫిట్స్ ఎన్నాళ్లనుంచి?" డాక్టరు అడిగాడు.

"లేవు సామీ. నేనాడిన అబద్ధం. మిలిటరీకి పట్టుకుపోతాడని భయపడి చెప్పినా. నా బిడ్డ రాయిలాగుండాడని ఆయనకు ఒక్క ముక్క రాయండి. మీ కాళ్లు పట్టుకుంటా."

డాక్టరు స్టెతస్కోపు బల్లమీద పెట్టేశాడు.

"ఇప్పుడు రాసి ఏం లాభమమ్మా? మొన్న నెలాఖరుతో ఆయన రిటైరైనాడు. ఇరవయ్యేళ్లు ఈ తీరమంతా కాళ్లరిగేలా తిరిగినాడు. ఆఖరున చూసింది మీవాణ్ణే. ఆ సీటు వేరేవాళ్లకు ఇచ్చేసినారు."

"అంత చదువుకున్నాయన, నాలాంటిది నోటికొచ్చింది చెప్తే నమ్మేస్తాడా?" ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "డాక్టరుకు చూపించి తేల్చుకున్నాక సీటు సంగతి చూడకూడదా?"

డాక్టరు కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు.

"పదేళ్లనాడు పందెం రోజు పొద్దున్నే ఒక తల్లి వచ్చి, 'రాత్రి పిల్లాడు కళ్లు తేలేసినాడు, ఈరోజు పరిగెత్తించొద్దు' అని బతిమాలింది. ఆడవాళ్ల భయం అని ఆయన కొట్టిపారేసినాడు. పిల్లాడు సగం దూరంలో మూర్ఛొచ్చి పడినాడు. మళ్లీ లేవలేదు. అప్పటినుంచి ఏ తల్లి మాటా కాదనడు."

మస్తానమ్మ చెయ్యి తెలియకుండానే కొడుకు భుజాన్ని పట్టుకుంది.

"అయ్యో! ఏ ఊరి తల్లి సామీ?"

"ఆయన ఇల్లాలేనమ్మా," అన్నాడు డాక్టరు.